అర మెట్టు

నిన్న సాయంత్రం అయిదింటికి, మా ఎదురు స్థలంలో అపార్ట్‌మెంటు కడుతున్న తాపీమేస్త్రి మిగిలిపోయిన మాలు రెండు గమేళాలు ఎత్తి మురిక్కాలవలో పారబోశాడు. ఇసకా సిమెంటూ కలిపిన శుభ్రమైన మాలు. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని, "అయ్యయ్యో, పారబోయకయ్యా!" అని కేక పెట్టాను. అప్పటికే రెండో గమేళా కూడా బోర్లించేశాడు. బిత్తరపోయి నావైపు చూసి, "ఏమైందమ్మా? ఏమన్నా పడిపోయిందా ఇందులో?" అన్నాడు.

"ఏం లేదులే నాయనా, నీ పని చూసుకో" అన్నాను. మా ఆయన పేపరు పక్కనపెట్టి, "ఏమిటే ఆ అరుపు, ఎవరో కాలవలో పడ్డట్టు!" అన్నారు. నేను మళ్ళీ ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను.

ఆ మేస్త్రి నిలబడ్డ చోటే మా టీచరుగారి ఇల్లుండేది. ఆవిడే ఉంటే ఆ మాలు కాలవలోకి పోయేదా? అయిదు కాకముందే సత్తు బేసిను చంకన పెట్టుకుని వచ్చి నిలబడి ఉండేవారు కాదూ?

నేను ఎరిగేనాటికే ఆవిడ రిటైరయ్యారు. చిన్న తరగతులకి చదువు చెప్పేవారట. అంతకు మించి ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు, అడిగినా చెప్పే మనిషి కాదు. బక్కపలచగా, కాస్త వంగి ఉండేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మిగతా ఆరు రోజులూ ఆవిడ కుచ్చిళ్ళ మీద సిమెంటు మరకలే. చేతిలో పాత తాపీ ఒకటి ఉండేది, దాని కొస అరిగి చెంచాలా అయిపోయింది. అది ఎక్కడిదండీ అంటే ఒకసారి మా అన్నయ్యదనేవారు, ఇంకోసారి రోడ్డు మీద దొరికిందనేవారు. ఒకసారి మాత్రం నిజం చెప్తున్నట్టు మొహం పెట్టి, "మా ఇల్లు కట్టిన మేస్త్రి దగ్గర కొట్టేశానమ్మాయ్" అన్నారు. అదీ నిజమో కాదో ఆ ప్రభువుకే తెలియాలి.

మా కాలనీ అప్పుడప్పుడే లేస్తోంది. తొంభైల్లో సంగతి. బెజవాడలో ఇల్లు కొనలేనివాళ్ళందరం బుడమేరు పక్కన చవగ్గా వస్తున్నాయని స్థలాలు కొనుక్కున్నాం. ఏ వీధిలో చూసినా ఇసక గుట్టలూ ఇటికల వరసలే. సాయంత్రం అయిదైతే మేస్త్రీలు పని ఆపి చేతులు కడుక్కునేవారు. ఎక్కడో ఒకచోట అర గమేళా మాలు మిగిలేది. తెల్లారేసరికి అది రాయై కూర్చుంటుంది గనక పారబొయ్యాల్సిందే. సరిగ్గా ఆ సమయానికి ఆవిడ బేసినుతో ప్రత్యక్షమై, "మేస్త్రీ, మిగిలిందా?" అనేవారు.

మొదట్లో మేస్త్రీలు నవ్వుకునేవారు. పోనుపోను అలవాటైపోయి, "టీచరమ్మగారికి ఉంచండ్రా" అని కూలీలకి చెప్పి మరీ ఉంచేవారు. ఎప్పుడైనా మిగలకపోతే, పాపం, వాళ్ళే తప్పు చేసినట్టు తల గోక్కునేవారు.

ఆ బేసిను ఇంటికి చేరాక ఆవిడకి గంట టైముండేది. ఆ గంటలో అది ఎక్కడో అక్కడ అతుక్కోవాలి. అందుకే ఎక్కడ ఏ పని ఉందో పొద్దున్నే చూసి పెట్టుకునేవారు. ఎవరింట్లో గోడకి ఎలక కన్నం పడింది, ఎవరి కుళాయి కింద నేల గుంటపడింది, ఎవరి బట్టలుతికే బండ ఊగుతోంది, అన్నీ ఆవిడ నోటికి వచ్చు. పక్క సందులో దర్జీ సాయిబుగారు నమాజుకి ముందు కాళ్ళు కడుక్కోవడానికి వంగలేక అవస్థ పడుతుంటే, ఆయన పెరటి కుళాయి పక్కన కూర్చునేందుకు చిన్న అరుగు వేసిపెట్టారు. ఆయన దానికి బదులుగా ఆవిడ జాకెట్లన్నీ తనే కుడతానని పట్టుబట్టేవారు. "నాకున్నవే నాలుగు జాకెట్లు సాయిబుగారూ, ఏం కుడతారు?" అని ఈవిడ నవ్వేవారు.

ఆ గంటలో ఆవిణ్ణి ఎవరూ ఆపలేరు. కాఫీ తాగి వెళ్ళండంటే, "మాలు ఆగదమ్మాయ్" అనేవారు. చుట్టాలొచ్చారని కబురు చేస్తే, "కూర్చోమను, మాలు ఆగదు" అనేవారు. ఒకసారి వాళ్ళ చర్చి అయ్యగారు ప్రార్థన చేద్దామని సాయంత్రం పూట వచ్చారు. ఈవిడ బేసిను ముందర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారట. అయ్యగారు ఇంట్లోవాళ్ళ కోసం, వీధిలోవాళ్ళ కోసం, ఊళ్ళోవాళ్ళ కోసం ప్రార్థించి రాష్ట్రం దాకా వచ్చేసరికి, ఈవిడ కళ్ళు తెరవకుండానే, "అయ్యగారూ, రాష్ట్రాన్ని రేపు చూసుకుందాం, మాలు గట్టిపడిపోతోంది" అన్నారట. అయ్యగారే ఈ సంగతి అందరికీ చెప్పుకుని నవ్వేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, అర మెట్లు ఒక ఎత్తు.

వానాకాలం బుడమేరు నీళ్ళు ఇంట్లోకొస్తాయన్న భయంతో కాలనీలో అందరం పోటీలుపడి ఇళ్ళు ఎత్తు లేపాం. పక్కవాళ్ళు మూడడుగులు లేపితే మేం మూడున్నర. నీళ్ళ సంగతి చూసుకున్నామే గాని, ఆ ఎత్తు ఎక్కి దిగాల్సిన కాళ్ళ సంగతి ఒక్కరికీ తట్టలేదు. పైగా ఉన్న కాస్త స్థలం మెట్లే తినేస్తాయని ముక్తసరిగా మూడేసి మెట్లు పెట్టించాం. ఒక్కో మెట్టు అడుగెత్తు. వయసులో ఉన్నవాళ్ళం, ఎగిరి దూకేవాళ్ళం. మా అత్తగారి లాంటి వాళ్ళ గతేమిటి?

మా అత్తగారిది చల్లపల్లి దగ్గర పల్లె. మొక్కలంటే ప్రాణం. గృహప్రవేశమైన మర్నాడే పెరట్లో మల్లె అంటు పాతారు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున ఎండిన ఒండ్రుమట్టి మా ఆయన చేత గోతాలతో తెప్పించి దాని మొదట్లో పోయించేవారు. ఆ మల్లె గుబురు ఎలా వచ్చిందంటే, వేసవి సాయంత్రాలు వీధి చివరికి వాసన కొట్టేది. పువ్వులు కోసే పని మాత్రం ఇంకొకర్ని చెయ్యనిచ్చేవారు కాదు. "నీకు మొగ్గ తెలీదే, ఎదగని పిందె మొగ్గలన్నీ తెంపేస్తావ్" అని నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు.

అలాంటి మనిషి స్నానాల గదిలో జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకున్నారు. మూడు నెలల మంచం తర్వాత గోడ పట్టుకుని నడుస్తున్నారు గాని, పెరటి మెట్లు మాత్రం దిగలేకపోతున్నారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని మల్లెపాదు వైపు చూస్తూ కూర్చునేవారు. నేను, "నే కోసుకొస్తాగా అత్తయ్యా" అంటే ఊఁ అనేవారు. నేను కోసుకొచ్చిన పూలు మాల కట్టేవారు గాని, అందులో ఒక్క పిందెనైనా తీసి చూపించి తిట్టేవారు కాదు. నాకు అదే భయం వేసింది. తిట్టని అత్తగారిని అంతకు ముందు నేనెరగను.

ఒక సాయంత్రం టీచరుగారు బేసినుతో పెరటి దారిన వచ్చారు. జాకెట్లోంచి చాక్‌పీసు ముక్క తీశారు. "అక్కయ్యగారూ, లేచి గోడ పక్కన నిలబడండి. నొప్పి రాకుండా కాలు ఎంత లేస్తుందో అంత ఎత్తండి. బలవంతంగా వద్దు" అన్నారు.

మా అత్తగారు సిగ్గుపడిపోయారు. "ఇదేమిటండీ పంతులమ్మగారూ, పిల్లల్ని గోడకి నిలబెట్టినట్టు!"

"సిగ్గు తర్వాత పడొచ్చు. మాలు ఆగదండీ."

మా అత్తగారు కాలెత్తారు. పాదం అడుగు భాగం గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ టీచరుగారు అడ్డంగా గీత గీశారు. జానెడు కూడా లేదు. "చాలు, ఎంత లేస్తే అంతే మెట్టు" అన్నారు. కింది మెట్టుకి ఒక పక్కన తాపీతో గాట్లు పెట్టి, నీళ్ళు చల్లి, ఇటిక ముక్కలు పేర్చి, పైన మాలు వేసి, ఒక పాదం పట్టేంత చిన్న మెట్టు కట్టారు. కాలు జారకుండా దాని మీద కొబ్బరి ఈనెతో గీతలు లాగారు. ఎంతైనా టీచరు గదా, ఆ గీతలు కాపీ పుస్తకంలో గీతల్లా వచ్చాయి. సున్నం వేసినా పోకూడదని గోడ మీది చాక్‌పీసు గీతని తాపీ కొసతో చెక్కి, పైన తడి గోతం కప్పి వెళ్ళిపోయారు. మాలు దొరికిన రోజు ఒకటి చొప్పున, మూడు మెట్లకీ మూడు అర మెట్లు వారంలో కట్టేశారు.

ఆఖరిది కట్టిన నాలుగో రోజో అయిదో రోజో, గోతం తీసిన సాయంత్రం, మా అత్తగారు నా భుజం పట్టుకుని ఒక్కొక్క కాలే వేస్తూ దిగి మల్లెపాదు దగ్గరికి వెళ్ళారు. ఒక కొమ్మ పట్టుకుని చూసి, "ఏమే, కన్ను కనపట్లేదా నీకు? అన్నీ పిందెలే తెంపావ్!" అని ఎడాపెడా తిట్టారు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

వీధి వైపు కూడా వేస్తానన్నారు టీచరుగారు. నేనే వద్దన్నాను. పెరట్లో అయితే ఎవరికీ కనపడదు, వీధి వైపు ఆ అతుకులు ఎంత అసహ్యంగా ఉంటాయి? ఆ మాట అలాగే అనలేదు గాని, ఆవిడకి అర్థమైంది. "సరే అమ్మాయ్, నీ ఇల్లు" అన్నారు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను. రెండేళ్ళ తర్వాత మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. పెరట్లో షామియానా, భోజనాలు. ముందుగా వచ్చిన మా ఆడపడుచు పెరటి మెట్లు చూసి, "ఇదేమిటి వదినా, మెట్లకి గడ్డలు లేచినట్టు!" అంది. అంతే, నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మేస్త్రిని పిలిపించి ఆ మూడు అర మెట్లూ కొట్టించేసి, మొత్తం నున్నటి నాపరాళ్ళు పరిపించాను. నిగనిగలాడిపోయాయి. వచ్చినవాళ్ళందరూ బాగున్నాయంటే పొంగిపోయాను.

"బాగున్నాయే" అన్నారు మా అత్తగారు కూడా. మళ్ళీ గుమ్మంలో కుర్చీ వేయించుకున్నారు. దిగరేం అత్తయ్యా అంటే, "ఎండగా ఉందే," "ఓపిక లేదే" అనేవారు. నేను నమ్మాను. వయసు మీద పడుతోంది గదా అనుకున్నాను. నమ్మడం నాకు సుళువు మరి!

అది మల్లెల కాలం. ఒకరోజు టీచరుగారు కరివేపాకు కోసం పెరట్లోకి వచ్చారు. పాదు కింద వాడి ఎర్రబడ్డ పూలు చాప పరిచినట్టు రాలి ఉన్నాయి. వాటివైపు చూశారు, గుమ్మంలో కూర్చున్న మా అత్తగారి వైపు చూశారు, నాపరాళ్ళ వైపు చూశారు. చివరికి నావైపు చూశారు. నలభై ఏళ్ళ దాన్ని, హోంవర్క్ చెయ్యని పిల్లలా తల దించుకున్నాను.

"అమ్మాయ్, మెట్టు చూసుకోడానికా, దిగడానికా?" అన్నారు. కరివేపాకు కూడా కోసుకోకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం బేసినుతో వచ్చారు. మళ్ళీ చాక్‌పీసు తీశారు. మా అత్తగారు ఈసారి సిగ్గుపడకుండా లేచి గోడ పక్కన నిలబడి కాలెత్తారు. టీచరుగారు గీత గీశారు. అది పాత గీతకి కింద పడింది. రెండు గీతల మధ్యా తన వేళ్ళు రెండు ఆనించి నాకు చూపించారు. రెండు వేళ్ళు.

తిట్టినా బాగుండేది. ఆ రెండు వేళ్ళూ నాకిప్పటికీ కళ్ళ ముందు కనపడతాయి. మా అత్తగారు పెరట్లోకి దిగి నడిచినన్నాళ్ళూ ఆ కాలు ఆ మాత్రం లేచింది. నా నాపరాళ్ళ మోజుకి నెలా పదిహేను రోజులు కుర్చీలో కూర్చునేసరికి రెండు వేళ్ళ మేర తగ్గిపోయింది.

"నున్నటి రాయి మీద మాలు పట్టదు. గాట్లు పెట్టాలి" అన్నారు టీచరుగారు. ఒక ఉలీ సుత్తీ నా చేతిలో పెట్టారు. "నువ్వే పెట్టు."

నేను ముచ్చటపడి వేయించుకున్న నాపరాళ్ళని నా చేత్తోనే కొట్టాను. మొదటి దెబ్బకి పెచ్చు ఎగిరి చేతికి తగిలింది. ఉక్రోషం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. "ఏడుస్తూ కొట్టినా ఫరవాలేదు, తొందరగా కొట్టు, మాలు ఆగదు" అన్నారావిడ. ఆ మాటకి మా అత్తగారు ఫక్కున నవ్వేశారు. ఈసారి ఒక అర మెట్టు సరిపోలేదు. మెట్టుకి రెండేసి కట్టాల్సొచ్చింది. ఆ తర్వాత మా అత్తగారు పోయేవరకూ, అంటే నాలుగేళ్ళ పాటు, ఆ మెట్ల మీదే దిగి పూలు కోసుకున్నారు. గోడ మీది ఆ రెండు గీతలూ ఇప్పటికీ ఉన్నాయి. ఎన్నిసార్లు రంగులేయించినా వాటిని పూడ్చనివ్వలేదు.

పోనుపోను కాలనీ నిండిపోయింది. ఇళ్ళు కట్టేవాళ్ళు లేరు, మిగిలే మాలూ లేదు. టీచరుగారు వీధిలో కనపడటం తగ్గింది. పిలిస్తే వరండాలోంచే, "పనుందమ్మాయ్, తర్వాతొస్తా" అనేవారు. మావైపు మెట్లకి పని లేదు గనక ఆవిడతో నాకూ పని లేకపోయింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అదే నిజం.

ఒక పొద్దున ముగ్గు వేస్తూ తలెత్తి చూస్తే, ఆవిడ వరండా అంచున నిలబడి మగ్గుతో నీళ్ళు కింద ఉన్న కనకాంబరాల మీదికి విసురుతున్నారు. సగం నీళ్ళు మొక్కల మీద పడుతున్నాయి, సగం గోడ మీద పడుతున్నాయి. దిగి పొయ్యొచ్చు గదా అనుకున్నాను. అప్పుడు చూశాను ఆవిడ మెట్లు. అడుగేసి ఎత్తున మూడు మెట్లు. వీధిలో పదిళ్ళకి అర మెట్లు కట్టిన మనిషి ఇంటికి ఒక్క అర మెట్టు లేదు.

ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళాను. "టీచరుగారూ, ఎన్నాళ్ళయిందండీ మీరు కిందకి దిగి?" అన్నాను.

"దిగుతూనే ఉన్నా. ఆదివారం ఆదివారం. ఆటో అబ్బాయి చెయ్యందిస్తాడు."

"మీకు మీరే కట్టుకోవచ్చు గదా? లేకపోతే నాకు చెప్పొచ్చు గదా?"

"మాలు ఎక్కడ మిగుల్తోందమ్మాయ్ ఇప్పుడు? ఒక్క మెట్టు కోసం సిమెంటు బస్తా కొంటారా ఎవరైనా!" అని నవ్వేశారు. ఒళ్ళు మండింది నాకు. "మీరసలు మనిషేనా!" అని అరిచాను. టీచరుగారి మీద అరవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ సాయంత్రం మా ఆయన చేత సిమెంటూ ఇసకా తెప్పించాను. చాక్‌పీసు పట్టుకుని వెళ్ళి, "గోడ పక్కన నిలబడండి" అన్నాను. ఆవిడ చీర అంచు కాళ్ళ మీదికి లాక్కున్నారు. అందరి కాళ్ళూ ఎత్తించిన మనిషి, "నీ ముందు కాలెత్తడమేంటమ్మాయ్, వద్దులే, కళ్ళతో చూసి వేసెయ్" అని నసిగారు.

"సిగ్గు తర్వాత పడొచ్చు. మాలు ఆగదండీ" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. నెమ్మదిగా కాలెత్తారు. నేను గీత గీశాను. అది వంకరగా వచ్చింది.

ఆవిడ తాపీ, ఆవిడ బేసిను, నా పనితనం. నీళ్ళెక్కువై మాలు జారిపోయింది. మెట్టు ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, "తడపలేదు సరిగ్గా. ఆ ఇటిక ముక్క తిరగెయ్. అబ్బా, తాపీ చెంచాలా పట్టుకోకూ!" అని చంపుకుతిన్నారు. మూడు మెట్లకీ మూడు రోజులు పట్టింది. గోతం తీసిన రోజు ఒక్కో మెట్టూ దిగి, కనకాంబరాల దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసి, "వంకరగా ఉన్నాయి. పదికి నాలుగు మార్కులు" అన్నారు. కాస్త ఆగి, "కాలు పడుతోందిలే" అన్నారు.

ఆ మెట్లు ఆవిడ వాడుకున్నది ఒక్క వేసవి. వానలు మొదలయ్యాక జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. బేసిను నా దగ్గరే ఉండిపోయింది. రేపిస్తా, రేపిస్తా అంటూనే ఇవ్వలేదు. ఆవిడ తమ్ముడి కొడుకు ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్ళు పడగొట్టేటప్పుడు నా వంకర మెట్లు కూడా లారీలో వెళ్ళిపోయాయి.

ఇదిగో, ఇప్పుడు ఆ స్థలంలోనే మాలు మిగుల్తోంది.

రాత్రంతా ఆలోచించాను. యాభై దాటాక నా మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి. పెరటి వైపు మా అత్తగారి మెట్లున్నాయి గనక సరిపోతోంది. వీధి మెట్లు మాత్రం పక్కకి తిరిగి, గోడ పట్టుకుని పీతలా దిగుతున్నాను. మొన్న కూరగాయలబండి వస్తే పిలిచి, దిగే ఓపిక లేక ఏమీ కొనకుండానే పంపేశాను. అంతకు ముందు వారం పేరంటానికి పిలిస్తే తలనొప్పని చెప్పాను. ఎండగా ఉందే, ఓపిక లేదే అని మా అత్తగారు చెప్పినట్టే నేనూ చెప్తున్నాను.

ఇవాళ అయిదింటికి అటక మీద నుంచి సత్తు బేసిను దింపించి, కడిగి, చంకన పెట్టుకుని పీతలాగే మెట్లు దిగి రోడ్డు దాటాను. మేస్త్రి చేతులు కడుక్కోబోతున్నాడు.

"మేస్త్రీ, మిగిలిందా?" అన్నాను.

అతను నిన్నటి కేక గుర్తొచ్చి నవ్వాడు. బేసిను నిండా మాలు వేసి, బరువని తనే తెచ్చి మా గేటు లోపల పెట్టాడు.

చాక్‌పీసు మా ఆయన చేతికిచ్చాను. వీధి గోడ పక్కన నిలబడి చీర కాస్త ఎత్తి పట్టుకుని కాలెత్తాను. పక్కింటివాళ్ళు మేడ మీద నుంచి చూస్తున్నారు. కూరగాయలబండి అతను కూడా ఆగి చూస్తున్నాడు. మా ఆయన అటూ ఇటూ చూసి, "వీధి వైపు వద్దన్నది నువ్వేగా. అందరూ చూస్తున్నారే" అని గొణిగారు.

"చూడనివ్వండి. త్వరగా గీయండి, మాలు ఆగదు" అన్నాను.